బడి పక్కన సిగరెట్ల అమ్మకం ఆపించాలా? ఊళ్లో కుర్రకారుతో కలిసి తీర్మానం చేయించడం ఎలా

"అన్నా, మా బడి గేటుకి ఎదురుగానే పాన్ డబ్బా ఉంది, ఎనిమిదో తరగతి పిల్లలకి కూడా సిగరెట్ విడిగా అమ్ముతున్నాడు, ఎవరికి చెప్పాలి?" ఇదే ప్రశ్న. అడిగేవాళ్లు మారుతుంటారు, ఊళ్లు మారుతుంటాయి, ప్రశ్న మాత్రం ఇదే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి విసుగొచ్చి, ఒకేచోట రాసి పెడుతున్నాను.

ముందుగా మేం చేసిన తెలివితక్కువ పని చెప్తాను. మొదటిసారి మేం ర్యాలీ తీశాం. బ్యానర్ కొట్టించాం, ప్లకార్డులు పట్టుకున్నాం, మర్నాడు పేపర్లో చిన్న ఫోటో కూడా పడింది. ఆ సాయంత్రం ఆరింటికి చూస్తే మా ర్యాలీలో నడిచినవాళ్లలోనే ఇద్దరు అదే డబ్బా దగ్గర నిలబడి సిగరెట్ వెలిగిస్తున్నారు. వాళ్లని తిట్టి ఏం లాభం, అసలు మేం ఆ రోజు ఎవరినీ ఏమీ అడగనే లేదు. నినాదాలు ఇచ్చి ఇంటికొచ్చాం. అడగనిది ఎవరిస్తారు?

కాబట్టి ఈ పద్ధతంతా ఒక్కదాని చుట్టూనే తిరుగుతుంది: ఒకే ఒక్క కోరిక, అది తీర్చగల అధికారం ఉన్న చోట, కాగితం మీద.

చట్టం గురించి రెండే ముక్కలు

2003లో వచ్చిన పొగాకు నియంత్రణ చట్టం, అందరూ కోట్పా అంటారు, దాని 6వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లకి పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదు, విద్యాసంస్థకి 100 గజాల లోపల ఎవరికీ అమ్మకూడదు. తప్పితే జరిమానా 200 రూపాయల వరకు. అవును, 200 మాత్రమే, రెండు పెట్టెల అమ్మకంతో తిరిగొచ్చేస్తుంది, అందుకే ఎవరూ పెద్దగా భయపడరు. కానీ పిల్లలకి పొగాకు ఇచ్చినా, అమ్మినా 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. ఇది చాలామంది కొట్టువాళ్లకి తెలియదు. తెలిస్తే సగం మంది మనం అడగకముందే మానేస్తారు.

"చట్టం ఉండగా మళ్లీ పంచాయతీ తీర్మానం దేనికి?" అని అడుగుతారు. చట్టం ఢిల్లీలో ఉంది, డబ్బా మీ ఊళ్లో ఉంది. ఎవరు చూడాలి, ఎన్నాళ్లకోసారి చూడాలి, బోర్డు ఎవరు పెట్టాలి, పంచాయతీ గది అద్దెకి తీసుకున్నవాడు అమ్మితే ఏం చేయాలి, ఇవన్నీ తేల్చేది ఊరి తీర్మానమే.

కావలసినవి

ఆరు నుంచి పది మంది చాలు. యాభై మంది వాట్సాప్ గ్రూపు కన్నా వారం వారం వచ్చే ఆరుగురు మేలు. వాళ్లలో కనీసం ముగ్గురికి 18 నిండి, ఆ ఊళ్లోనే ఓటు ఉండాలి (ఎందుకో నాలుగో మెట్టులో చెప్తాను). ఒక గట్టి అట్ట నోటు పుస్తకం, 30 మీటర్ల టేపు, ఫోన్, జిరాక్సులకి ఓ రెండు మూడు వందలు. అంతే. టీషర్టులు వద్దు.

మనుషులని ఎంచుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అందరూ ఒకే వాడ వాళ్లో, ఒకే పార్టీ జెండా మోసేవాళ్లో అయితే మీ పని మొదలవకముందే "వాళ్ల బ్యాచ్ ఇది" అనేస్తారు, ఇక ఎదుటి వర్గం సర్పంచ్ సంతకం పెట్టడు. ఆడపిల్లలు తప్పకుండా ఉండాలి. పేరుకి కాదు, మాట్లాడే చోట. ఇంకా, ఇంట్లో ఎవరికైనా పొగాకు వల్ల నోటి క్యాన్సరో, ఊపిరితిత్తుల జబ్బో వచ్చిన కుర్రాడు ఒక్కడున్నా అతని మాటకున్న బరువు మీ పాంప్లెట్లకి ఉండదు. అయితే బలవంతంగా మాట్లాడించకండి, అతనంతట అతను ముందుకొస్తేనే.

18 లోపు పిల్లలు కూడా చేరతామంటే చేర్చుకోండి, కానీ ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పి. వాళ్ల చేత "కొని చూపించడం" లాంటి పనులు ఎప్పుడూ చేయించకండి. వాళ్ల ముఖాలు కనపడే ఫోటోలు ఎక్కడా పెట్టకండి.

ఇక మెట్లు

1. కొలవండి. ఇది ఒక్క ఆదివారం పని. 100 గజాలంటే దాదాపు 91 మీటర్లు. ఇక్కడే పదిలో ఎనిమిది మంది తప్పు చేస్తారు: గేటు దగ్గర మొదలుపెట్టి రోడ్డు వెంబడి కొలుస్తారు. అలా కాదు. బడి ప్రహరీ గోడ బయటి అంచు నుంచి చుట్టూరా, గీత గీసినట్టు నేరుగా కొలవాలి. మా దగ్గర వెనకవైపు సందులో ఒక కొట్టు ఉండేది, గేటు నుంచి రోడ్డు మీద నడిస్తే 200 మీటర్లు దాటుతుంది, గోడ మీంచి చూస్తే పాతిక మీటర్లు కూడా లేదు. అందరూ దాన్ని "దూరం కొట్టు" అని వదిలేశారు. పిల్లలు మాత్రం గోడ దూకి అక్కడికే పోయేవాళ్లు.

టేపుతో నేరుగా కొలవడం కుదరని చోట ఫోన్ మ్యాపులో దూరం కొలిచే సౌకర్యం వాడండి, స్క్రీన్‌షాట్ దాచుకోండి. టేపు పట్టుకుని నిలబడితే కొట్టాయన "ఏంది బాబూ, రోడ్డు వెడల్పు చేస్తున్నారా?" అని కంగారు పడతాడు. మా వాడొకడు తమాషాకి అవునన్నాడు, సాయంత్రానికి ఊరంతా పుకారు. అబద్ధం చెప్పకండి, "బడి చుట్టూ పొగాకు లేకుండా చేయమని అడుగుతున్నాం అన్నా" అని ఉన్నదున్నట్టు చెప్పండి.

2. నోటు పుస్తకంలో రాయండి. ప్రతి కొట్టుకి ఒక పేజీ. దూరం ఎంత, ఏమేం అమ్ముతున్నారు (సిగరెట్, బీడీ, ఖైనీ, గుట్కా విడివిడిగా), చాక్లెట్ల డబ్బా పక్కనే సిగరెట్లు పెట్టారా, "18 ఏళ్లలోపు వారికి అమ్మం" అన్న బోర్డు ఉందా, సొంత స్థలమా, పంచాయతీ గదా, తోపుడు బండా. బడి వదిలే సమయానికి మూడు రోజులు, రోజుకి అరగంట గమనించి రాస్తే చాలు. కొట్టువాళ్ల ముఖాలు ఫోటో తీయొద్దు. కొట్టు, దూరం, సరుకు, అంతే.

గుట్కా సంగతి వేరు. పొగాకు, నికోటిన్ కలిపిన తినుబండారాలు అమ్మకూడదని 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది. దానికి 100 గజాల లెక్క లేదు, ఎక్కడ అమ్మినా తప్పే. కాబట్టి గుట్కా ఫిర్యాదు ఆహార భద్రత అధికారులకి, పోలీసులకి విడిగా రాయండి. ఈ అర్జీలో కలిపి రాస్తే "ఇది మా పరిధి కాదు" అని మొత్తం కాగితం పక్కన పెట్టేస్తారు. మాకు ఒక ఆఫీసులో సరిగ్గా ఇదే జరిగింది, రెండు నెలలు పోయాయి.

3. ముందు కొట్టువాళ్లతో మాట్లాడండి. దీన్ని ఎగ్గొట్టాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. కానీ ఆ డబ్బాలు నడిపేది చాలాచోట్ల భర్త పోయిన ఆవిడో, కాలు సరిగా లేని ఆయనో. వాళ్లని ఊరి ముందు దొంగల్లా నిలబెడితే ఊరు వాళ్ల పక్షానే ఉంటుంది, అలా ఉండటం న్యాయం కూడా. ఇద్దరు వెళ్లండి, టీ తాగండి, 77వ సెక్షన్ సంగతి మెల్లిగా చెప్పండి. "కొట్టు మూయమనడం లేదమ్మా, ఈ ఒక్క సరుకు మానేయమంటున్నాం" అనండి. పెన్నులు, నోటు పుస్తకాలు, బిస్కెట్లు, వేరుశెనగ చిక్కీలు పెట్టుకుంటే బడి పక్కన బేరానికి లోటుండదు. ఒప్పుకున్నవాళ్ల పేర్లు రాసుకోండి, గ్రామసభలో "వీళ్లు ఇప్పటికే మానేశారు" అని అందరి ముందు చెప్పండి. దాంతో మిగతావాళ్ల మీద పడే ఒత్తిడి మనం ఎంత అరిచినా రాదు.

4. ఎక్కడ అడగాలో తేల్చుకోండి. పల్లె అయితే గ్రామసభ. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఆంధ్రలో మామూలుగా జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 లాంటి రోజుల చుట్టూ పెడుతుంటారు, తేదీ మాత్రం పంచాయతీ కార్యదర్శినో, సచివాలయంలోనో అడిగి ఖాయం చేసుకోండి. గ్రామసభలో సభ్యులంటే ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్లు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చదువుతూ ఓటు అక్కడికి మార్చుకున్నవాడు వచ్చి ఎంత బాగా మాట్లాడినా, "నీకిక్కడ ఓటు ఉందా?" అన్న ఒక్క ప్రశ్నతో కూర్చోబెట్టేస్తారు. ముగ్గురు ఓటర్లు కావాలని అందుకే అన్నాను.

మున్సిపాలిటీ అయితే మీ వార్డు కౌన్సిలర్ ద్వారా కౌన్సిల్ అజెండాలోకి ఎక్కించాలి, కమిషనర్‌కి అర్జీ ఇవ్వాలి. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం కింద ప్రతి వార్డుకీ యువజన కమిటీ ఉండాలి. మీ వార్డులో అది ఉందో, పేర్లు మాత్రమే ఉన్నాయో కనుక్కోండి, ఉంటే అందులోంచే రండి. ట్రేడ్ లైసెన్సులు ఇచ్చేది మున్సిపాలిటీయే కాబట్టి అక్కడ మీకు ఇంకో పట్టు ఉంది: పొగాకు అమ్మే కొట్లకి స్థానిక సంస్థల ద్వారా ప్రత్యేక అనుమతి పద్ధతి పెట్టాలని, అలాంటి కొట్లలో చాక్లెట్లు, చిప్స్ లాంటివి అమ్మనివ్వొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే రాష్ట్రాలకి సలహా ఇచ్చింది. అర్జీలో ఆ మాట రాయండి.

5. అర్జీ రాయండి. ఒకే పేజీ. పొగాకు వల్ల వచ్చే రోగాల చిట్టా రాయొద్దు, అది అందరికీ తెలుసు. మేం వాడిన నమూనా ఇది, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి:

"గౌరవనీయులైన సర్పంచ్ గారికి, పంచాయతీ కార్యదర్శి గారికి. మన ఊరి ఉన్నత పాఠశాల ప్రహరీకి 100 గజాల లోపు ఇన్ని కొట్లలో పొగాకు ఉత్పత్తులు అమ్ముతున్నారు (పట్టిక జత చేశాం). ఇది కోట్పా చట్టం 6వ సెక్షన్‌కి విరుద్ధం. రాబోయే గ్రామసభలో ఈ కింది తీర్మానం చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాం. ఒకటి, బడి చుట్టూ 100 గజాల హద్దు దగ్గర పసుపు గీత గీయించి, బడి బయట హెచ్చరిక బోర్డు పెట్టించాలి. రెండు, పంచాయతీ గదులు వేలం వేసేటప్పుడు, అద్దెకిచ్చేటప్పుడు ఆ హద్దు లోపల పొగాకు అమ్మరాదన్న షరతు రాయాలి. మూడు, నెలకోసారి తనిఖీ చేసి వివరాలు తర్వాతి గ్రామసభలో చదివి వినిపించాలి."

పసుపు గీత మన సొంత ఆలోచన కాదు, పొగాకు రహిత విద్యాసంస్థల కోసం కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నదే. హెడ్‌మాస్టర్‌కి ఆ సంగతి చెప్తే ఆయన కూడా సంతకం పెడతారు.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, స్టాంపు వేయించుకోండి. "పెట్టి వెళ్లండి, చూస్తాం" అంటే కదలొద్దు. స్టాంపు లేని అర్జీ ఇచ్చినట్టు కాదు. మర్యాదగా, నవ్వుతూ, అక్కడే నిలబడండి. అప్పటికీ తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, లేదా సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లండి, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడిచ్చిన అర్జీకి నంబరు ఉంటుంది, అది మళ్లీ మీ కార్యదర్శి దగ్గరికే వస్తుంది, ఈసారి జవాబు రాయక తప్పదు.

6. గ్రామసభకి ముందు వారం ఇంటింటికీ వెళ్లండి. అసలు పనంతా ఇదే. సభలో జరిగేది ముందే అరుగుల మీద తేలిపోతుంది. డ్వాక్రా సంఘాల మీటింగుకి వెళ్లి పది నిమిషాలు అడిగి మాట్లాడండి, ఆశ కార్యకర్తని, ఏఎన్ఎంని సభకి రమ్మనండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరు మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతా సారా నిషేధం తెచ్చింది. అది కూడా ఊళ్లో చదువుకునే చోట కూర్చుని మాట్లాడుకోవడంతోనే మొదలైంది. సభలో వెనక వరసలో ఇరవై మంది ఆడవాళ్లు కూర్చుని ఉంటే మీ ప్రసంగం రెండు నిమిషాలు చాలు.

7. సభలో వచ్చే ప్రశ్నలకి తయారుగా ఉండండి. ఒంగోలు, కందుకూరు వైపైతే ఎవరో ఒకరు లేచి "పొగాకు పండించి బతికే ఊరు మనది, మీకు మేం శత్రువులమా?" అంటారు. నిజామాబాద్, సిరిసిల్ల, జగిత్యాల వైపైతే బీడీలు చుట్టే అక్కలే అడుగుతారు. దబాయించకండి, అది నిజమైన భయం. "పంట గురించి కాదు, మీ పని గురించి కాదు, బడి పక్కన పిల్లలకి అమ్మడం గురించి మాత్రమే" అని రెండుసార్లు చెప్పండి, ఆ ఒక్క గీత దాటకండి. మీలో ఒకరు ఆవేశపడి "పొగాకే నిషేధించాలి" అన్నారో, అక్కడితో సభ మీ చేయి దాటినట్టే. నేను చూశాను, ఇరవై నిమిషాల్లో తీర్మానం కాస్తా పాత కక్షల పంచాయితీ అయిపోయింది.

మాట్లాడటానికి ఇద్దర్నే ఎంచుకోండి. ఒకరు లెక్క చెప్పాలి, ఒకరు తీర్మానం చదవాలి. మిగతావాళ్లు అవసరమైతేనే.

8. తీర్మానం పుస్తకంలోకి ఎక్కేదాకా ఇంటికి వెళ్లొద్దు. చప్పట్లు కొట్టారు, సర్పంచ్ గారు "తప్పకుండా చేద్దాం" అన్నారు, అందరూ సంబరంగా లేచిపోయారు. తీరా చూస్తే రిజిస్టర్‌లో ఒక్క ముక్క లేదు. ఇది ఎన్ని ఊళ్లలో విన్నానో. కార్యదర్శి పక్కన కూర్చుని "సార్, నంబరు ఎంత పడింది?" అని అడగండి. రాసింది చదివించుకోండి. మీరు అడిగిన మూడింటిలో రెండే రాసి ఉంటే అప్పుడే చెప్పాలి, మర్నాడు కాదు.

కాపీ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి గడువు 30 రోజులు. అదే చేత్తో పోలీసు శాఖకి కూడా ఒకటి పెట్టండి: "గత ఏడాదిలో మన స్టేషన్ పరిధిలో కోట్పా 6వ సెక్షన్ కింద ఎన్ని కేసులు, ఎంత జరిమానా?" సున్నా అని వస్తే ఆ కాగితమే మీ తర్వాతి అర్జీకి జత.

పని జరిగిందో లేదో చూసుకోవడం

తీర్మానం అయిన రెండు వారాలకి, నెలకి, మూడు నెలలకి అదే నోటు పుస్తకం, అదే వరస, బడి వదిలే అదే వేళ. పాత పేజీ పక్కన కొత్త పేజీ. బోర్డు వచ్చిందా, గీత గీశారా, ఎన్ని కొట్లు మానేశాయి. మామూలుగా ఏమవుతుందంటే మొదటి నెల సరుకు కనపడదు, రెండో నెల కౌంటర్ కిందకి చేరుతుంది, మూడో నెలకి మళ్లీ తీగకి వేలాడుతుంది. అందుకే మూడు నెలల లెక్క ముఖ్యం, మొదటి నెల చూసి సంబరపడకండి. డబ్బా అక్కణ్ణుంచి 110 గజాల దూరానికి జరిగితే? చట్టప్రకారం తప్పు లేదు. కానీ పిల్లలకి అమ్మకూడదన్నది ఎక్కడైనా ఒకటే, బోర్డు పెట్టమని అడగండి.

మాటలతో వినని కొట్టు ఒకటి ఉంటుంది, ప్రతి ఊళ్లో ఉంటుంది. మీరు సరుకు లాక్కోవడం, తగలబెట్టడం చేయకండి, కేసు మీ మీద పడుతుంది. సోదా చేసి సరుకు పట్టుకునే అధికారం ఎస్సై స్థాయికి తగ్గని పోలీసు అధికారికి, ప్రభుత్వం అధికారమిచ్చిన ఆహార, ఔషధ విభాగం వాళ్లకి ఉంది. మీ లెక్క, తీర్మానం కాపీ జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి.

మీ జట్టులోనే సిగరెట్ తాగేవాళ్లు ఉంటారు. తరిమేయకండి. మానాలనుకుంటే సిగరెట్ పెట్టె మీద ఉండే 1800-11-2356 నంబరుకి ఫోన్ చేయమనండి, ఉచితం. మా ర్యాలీలో నడిచి సిగరెట్ వెలిగించిన ఆ ఇద్దరిలో ఒకడే తర్వాత వెనక సందు కొట్టు కొలిచింది. అటు దారి వాడికి బాగా తెలుసు మరి.

ఇంకొకటి. మీరు డిగ్రీ అయిపోయి ఉద్యోగాలకి వెళ్లిపోతారు, నోటు పుస్తకం ఎవరింట్లోనో అటక మీదకి చేరుతుంది. ఇంటర్ చదివే ఇద్దర్ని ఇప్పుడే వెంట తిప్పండి, రసీదుల ఫైలు ఎక్కడుందో చూపించండి. వాన, లారీల దెబ్బకి పసుపు గీత ఏడాది కూడా నిలవదు, జూన్ 12కి బళ్లు తెరుస్తారు కాబట్టి మే నెలాఖరుకే కార్యదర్శికి గుర్తు చేయండి. రంగు డబ్బా కొనడానికి నిధుల్లేవంటే అర లీటరు మీరే కొనివ్వండి, గీయడం మాత్రం పంచాయతీ మనిషి చేతే గీయించండి.